మొటిమల మందు: మొదటి నెల

యౌవనారంభంలో ముఖంపై పొడచూపే మొటిమలను ఉర్దూలో ముహాసే అంటారు. పేరేదైనా బాధ ఒక్కటే. నేను వైద్యుడను కాను. తెలుగు పాఠం చెప్పుకునేవాడిని. అయినా మా విద్యార్థి ఒకడు చర్మవైద్యుడిచ్చిన అడాపలీన్ మందు మొదలుపెట్టిన మూడవ వారంలో తరగతికి రావడం మానివేయగా, ఈ విషయం తెలుసుకోవలసి వచ్చింది. మందు రాసిన తరువాతనే మొటిమలు హెచ్చినవట! దానిని పారవేసి, మిత్రుని మాటపై దుకాణంలో మరొక ట్యూబు కొన్నాడు.

మొటిమ ఒక్క రాత్రిలో పుట్టేది కాదు. రోమకూపంలో మృతకణాలు, తైలం కలిసి ముద్దకట్టి, కంటికి కానరాకుండా వారాల తరబడి లోపలనే పెరుగుతాయి. 1969లో అమెరికాలో క్లిగ్‌మన్ బృందం మొటిమలకు పనిచేస్తుందని ప్రకటించిన ట్రెటినాయిన్, ఆ తరువాత వచ్చిన అడాపలీన్ ఈ మూలంపైనే పనిచేస్తాయి. కూపం మూసుకొనకుండా కణాల రాకపోకలను త్వరితపరుస్తాయి. అందుచేత ఎప్పుడో పైకి రావలసినవి కొన్ని ముందే బయటపడవచ్చు. అందరికీ ఇట్లా జరగదు. జరిగినా సాధారణంగా కొద్ది వారాలలో తగ్గుముఖం పడుతుంది. గుణం స్పష్టంగా కనిపించడానికి 8 నుండి 12 వారాలు పడుతుంది గనుక, మూడవ వారంలో తీర్పు చెప్పడం తొందరపాటు.

ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందన్నది భ్రమ. మంట, పొట్టు మాత్రమే హెచ్చుతాయి. ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలును. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరిన పిదప పలుచగా రాయాలి. ఓర్వలేనివారు వైద్యుని అడిగి రాత్రి విడిచి రాత్రి వాడవచ్చు. చర్మం ఎండకుండా మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ అవసరం. గిల్లరాదు, అందువల్ల మచ్చలు మిగిలే అవకాశం హెచ్చుతుంది. ముఖం వాచినా, బొబ్బలెక్కినా, నొప్పితో పెద్ద గడ్డలు లేచినా అది ఓపిక పట్టవలసిన దశ కాదు, వెంటనే వైద్యుని చూడాలి. గర్భవతులు ఈ మందులు వాడరాదు. ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే గర్భస్థ శిశువుకు మహాప్రమాదకరం.

ఇక మావాడు కొన్న ట్యూబు. అందులో స్టెరాయిడ్ ఉన్నది. వారంలో ముఖం నున్నబడి, తెల్లబడినట్లు తోచింది, వాడు మురిసిపోయాడు. మానిన వెంటనే ఎర్రదనం, మునుపటికంటె దట్టంగా మొటిమలు! చర్మంపై రాసే అనేక స్టెరాయిడ్లను మన ప్రభుత్వం 2018లో చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్-హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే దుకాణాలు లేకపోలేదు. మావాడు మళ్లీ వైద్యుని వద్దకు వెళ్లి, ఈ జూలైలో అదే అడాపలీన్‌ను మొదటినుండి ప్రారంభించాడు.