ఎడారి గులాబియు వదనికయు: రెండు అలంకారపు మొక్కల పెంపకము

ఇంటి ముంగిట పూలమొక్క లేని గృహము గ్రామములందు అరుదు. మల్లె, మందార, గన్నేరు, చేమంతి మొదలగునవి తాతలనాటినుండి పెంచబడుచున్నవి. వీనికి తోడు రెండు వింత మొక్కలను నేడు పలువురు కోరుచున్నారు. మొదటిది అడీనియము, దీనినే ఎడారి గులాబి యందురు. రెండవది ఆర్కిడ్ కుటుంబములోనిది. ఆ కుటుంబమున వేలకొలది జాతులు గలవు గావున, తెలుగు దేశపు అడవులలో సహజముగా పెరుగు వదనిక యను జాతిని మాత్రమే ఇచ్చట విచారింపబడుచున్నది.

వెలయిచ్చి తెచ్చిన మొక్క కొలదికాలములోనే కుళ్లిపోయినదని వగచువారు తరచుగా కానవచ్చుచుందురు. అందులకు కారణము మొక్క లోపము కాదు. దానిని మల్లెపాదువలె చూచుటయే. ఈ రెండు మొక్కలును నీటియెద్దడికి అలవడినవే. కాని ఒకటి నీటిని తన మొదటిలో దాచుకొనును. రెండవది గాలిలో వ్రేలాడు వేళ్లతో వానను, మంచును అందుకొనును. ఈ భేదము తెలిసినచో తక్కిన సేద్యమంతయు సులభముగా బోధపడును.

జన్మస్థానము, స్వభావము

ఎడారి గులాబి ఆఫ్రికా ఖండమున సహారా ఎడారికి దక్షిణముననున్న మెట్ట భూములలోను, అరేబియాలోను పుట్టినది. ఫోర్స్కాల్ అను వృక్షశాస్త్రజ్ఞుని గ్రంథము 1775లో ప్రచురింపబడినప్పుడు ఇది గన్నేరు జాతిలో చేర్చబడెను. తరువాత వేరు జాతిగా గుర్తింపబడినను, కుటుంబము మాత్రము గన్నేరుదే. దీని మొదలు కుండవలె ఉబ్బియుండును. ఆ ఉబ్బులోనే నీరు నిలువయుండును. ఎండ యెంత యున్న అంత మేలు. చలికిని, దీర్ఘమైన ఎద్దడికిని ఆకు రాల్చును. ఆకు రాలినంతమాత్రమున మొక్క చచ్చినదని పారవేయరాదు.

వదనిక చెట్ల కొమ్మలపై పెరుగును. దీని శాస్త్రనామములోని వాండా యను మాట, చెట్టుపై పెరుగు మొక్కకు సంస్కృతమున గల వందా యను పేరునుండి వచ్చినది. గోదావరి ప్రాంతమున సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గు ఈ మొక్కను 1795లో వెలువడనారంభించిన కోరమాండల్ తీర వృక్షముల గ్రంథమున వర్ణించెను.

మామిడి కొమ్మలపై గొట్టపు పూలు పూయుచు చెట్టు సారమును పీల్చు బదనిక వేరు, ఈ వదనిక వేరు. పేర్లు కలిసినందున కొందరు దీనినికూడ చెట్టుకు చీడయని కోసివేయుదురు. అది పొరపాటు. వదనిక కొమ్మను నిలువ నీడగా మాత్రమే వాడుకొనును. దాని వేళ్లు బెరడులోనికి చొరవు, చెట్టు ఆహారమును హరింపవు.

నేల, కుండీ

ఎడారి గులాబికి నీరు నిలువని మట్టి కావలెను. మామూలు మట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు కొంచెము కలిపినచో చాలును. నల్లరేగడి పనికిరాదు. కుండీ అడుగున పెద్ద రంధ్రము ఉండవలెను. కుండీ మార్చినపుడెల్ల మొక్కను అంగుళముమేర పైకి లేపి నాటినచో ఉబ్బిన మొదలు బయటపడి శోభించును. వేళ్లకు తగిలిన గాయము ఆరువరకు కొలదిదినములు నీరు పోయరాదు.

వదనికకు మట్టియే అక్కరలేదు. మట్టిలో పాతినచో గాలి యందక వేళ్లు కుళ్లును. మామిడివంటి గరుకు బెరడు గల చెట్టుకు కొబ్బరిపీచు త్రాటితో కట్టుట ఉత్తమము. జామవలె బెరడు ఊడిపోవు చెట్టు తగదు. చెట్టు లేనివారు కొయ్యపేళ్ల బుట్టలో బొగ్గు, ఇటుక ముక్కలు వేసి అందు నిలుపవచ్చును. నడిమధ్యాహ్నపు ఎండ తగులక, ఉదయపు వెలుతురు సమృద్ధిగా రావలెను.

నీరు

ఎడారి గులాబికి వేసవిలో పైమట్టి పూర్తిగా ఎండినపిమ్మట నీరు పోయవలెను. వర్షకాలమున కుండీని చూరుక్రిందికి చేర్చవలెను. శీతకాలమున ఆకు రాలినపిమ్మట నీరు దాదాపుగా మానవలెను. బొటనవ్రేలితో మొదటిని నొక్కి చూచుట మంచి పరీక్ష. గట్టిగానున్నచో క్షేమము. మెత్తగానుండి మట్టి ఎండియున్నచో దాహము. మెత్తగానుండి మట్టి తడిగానున్నచో కుళ్లు ప్రారంభమైనది. వెంటనే పెరికి, కుళ్లిన భాగమును గట్టి భాగము కనబడువరకు కోసి, నీడలో ఆరనిచ్చి, పొడి ఇసుకలో మరల నాటవలెను.

వదనిక వేళ్లపై స్పంజివంటి తెల్లని పొర యుండును. తడిసినచో ఆ పొర నీటిని పీల్చి పచ్చబడును. ఎండినచో మరల వెండివలె తెల్లబడును. వేళ్లు పచ్చబడువరకు తడిపి, తెల్లబడిన తరువాతనే తిరిగి తడుపవలెను. వేసవిలో ఉదయమొకసారి, మిక్కిలి వడగాడ్పులున్న దినములందు సాయంకాలము మరియొకసారి చల్లవలెను. ఆకుల నడిమిని రాత్రియంతయు నీరు నిలువనీయరాదు.

వ్యాప్తి

ఎడారి గులాబికి జంట కాయలు కాయును. గింజల రెండు కొనలయందును దూదికుచ్చులుండుటచే కాయ పగిలినంతనే గాలికెగురును. కావున కాయ ముదిరినప్పుడే దారము చుట్టవలెను. తాజా గింజ వారము దినములలో మొలచును. కొమ్మనాటినను బ్రదుకును గాని, గింజమొక్కకు వచ్చునంత చక్కని ఉబ్బు రాదు. మేలైన రంగులు కోరువారు గింజమొక్కపై అంటు కట్టుదురు.

వదనిక కాయలో ధూళివంటి గింజలు వేలకొలదిగా నుండును. వానిలో మొలకకు వలయు ఆహారము నిలువయుండదు. అడవిలో ఒక విధమగు బూజు తోడ్పడినగాని మొలవవు. చక్కెర కలిపిన ఆహారపు జిగురుపై ఆర్కిడ్ గింజలను బూజు లేకయే మొలిపింపవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నుడ్సన్ 1922లో తెలిపెను. ఇది ప్రయోగశాలలో జరుగు పని. గృహస్థు చేయదగినది, పొడవుగా పెరిగిన మొక్క తలను మూడు నాలుగు వేళ్లతో కూడ కోసి వేరుగా కట్టుట. మొదటి భాగము ప్రక్కపిలకలు వేయును.

పూవులు, పురుగులు

ఎడారి గులాబి పూలు గులాబి, ఎరుపు, తెలుపు వన్నెలలో గుత్తులుగా పూయును. చూపునకు మిక్కిలి సొంపు, వాసన లేనట్లే. వదనిక పూవు చిన్నది. గడులు గీచినట్లుండు రెక్కలు, ఊదావన్నె పెదవి, మంచి సువాసన గలది. పూచిన వెన్ను చాల దినములు నిలుచును.

మొదటి మొక్కకు పిండినల్లియు, గన్నేరు నాశించు పెద్ద ఆకుపచ్చని పురుగును పట్టును. పురుగును ఏరివేసి, పిండినల్లిని సబ్బునీటితో కడుగవలెను. రెండవదాని లేతవేళ్లను నత్తలు కొరుకును. రాత్రివేళ దీపముతో వెదకి తీసివేయవలెను.

ముఖ్యమైన హెచ్చరికలు

గన్నేరు విషమని ఎరుగని గ్రామము లేదు. ఎడారి గులాబియు ఆ వంశముదే. ఆఫ్రికాలో వేటగాండ్రు దీని పాలను కాచి బాణముల మొనలకు పూసెడివారు. ఆ విషము గుండెను కొట్టును. కత్తిరించిన కొమ్మలను పశువుల కొట్టము దరి వేయరాదు, పూడ్చివేయవలెను. పాలు కంటికి తగులనీయరాదు. పని ముగియగనే చేతులు, కత్తి కడుగవలెను. చంటిపిల్లలు ప్రాకు చోట కుండీ నుంచరాదు.

వదనికవలన అట్టి భయము లేదు గాని, దానికే మనుష్యులవలన భయము కలదు. వంగదేశమున దీని వేళ్లను రాస్న యను పేర మందులకు వాడుదురు. అలంకారమునకును అడవినుండి పెరికి అమ్ముదురు. ఒక మొక్క పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. పెరుకుట క్షణమాత్రపు పని. 1973లో వాషింగ్టనున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికచే ఆర్కిడ్ కుటుంబమంతటి వ్యాపారమును నియమములకు లోబడినది. కావున పెంచినవారి యొద్దనే కొనవలెను; కొట్టివేసిన చెట్టుపై వదనిక కనబడినచో, భూమి యజమాని అనుమతితో దానిని తెచ్చి ఇంటి మామిడికి కట్టుట పుణ్యము.

ఎవరికేది తగును

బావి దూరమై, మండుటెండలో వాకిలి యున్న మెట్ట గ్రామమువారికి ఎడారి గులాబియే తగును. వారము దినములు ఊరువిడిచి పోయినను అది బ్రదుకును. గింజమొక్కలు పెంచి అంటుకట్ట నేర్చినవారికి కొంత రాబడియు కలుగవచ్చును. అయితే పశువులు, పసిపిల్లలు మెలగు ముంగిట దానిని అరుగుపై ఎత్తున నుంచవలెను.

మామిడితోటయు, ఊటబావియు, దినదినము చూచుకొను ఓపికయు గలవారికి వదనిక తగును. కుండీ ఖర్చు లేదు, మట్టి ఖర్చు లేదు. కాలము మాత్రము ఎక్కువగా పట్టును. తొందరపడువారు దానిని ముట్టకుండుట మేలు.

ఏది పెంచినను ఒక్క నియమము మరువరాదు. నీరు పోయుటకు ముందు ఎడారి గులాబి మొదటిని నొక్కి చూడవలెను, వదనిక వేరు రంగును చూడవలెను.