పాత దోస్తుతో కొండల్లోకి

ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఒకడు దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో, ఇంకొకడు షార్జాలో భార్యాపిల్లలతో. మధ్యలో ఉన్నది గట్టిగా అరగంట ప్రయాణం. అయినా ఏళ్లు గడిచిపోతాయి, కలవరు. ఇక్కడికి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతం ఉండాలి. కంపెనీ ఇల్లిస్తే 3,000 చాలు. ఆ అంకె దాటనివాడు ‘వాడు పెద్దోడైండు, మనతోని ఏం మాట్లాడ్తడు’ అనుకుంటాడు. దాటినవాడు ‘ఫోన్ చేస్తే ఎక్కడ వీసా అడుగుతాడో’ అని జంకుతాడు. చాలాసార్లు రెండూ ఉత్త ఊహలే.

తీరా ధైర్యం చేసి దుబాయ్ కరామాలో ఏ బిర్యానీ హోటల్లోనో కలిశారనుకోండి. చిన్ననాటి కబుర్లు పావుగంటలో అయిపోతాయి. తర్వాత జీతమెంత, ప్లాటు తీసుకున్నావా, పిల్లలేం చదువుతున్నారు... బిర్యానీ చల్లారేలోపే ఎవరి లెక్క వాళ్లకు తేలిపోతుంది. అందుకే ఇద్దరికీ కొత్తయిన చోటికి పొమ్మంటాను. 2022 నుంచి ప్రభుత్వ వారాంతపు సెలవులు శని, ఆదివారాలకు మారినా క్యాంపువాడికి దొరికేది చాలావరకు ఆదివారమొక్కటే. రోజు వాడినే చెప్పమనాలి.

నా పాత దోస్తు, మా ఊరి తాపీ మేస్త్రీతో నేను రాస్ అల్ ఖైమా కొండల్లోకి వెళ్లాను. 1,934 మీటర్ల జెబెల్ జైస్ మీదికి జిప్‌లైన్ కోసం, ఫొటోల కోసం కార్లు బారులు తీరుతాయి. మేం కింద లోయలోనే ఆగాం. షిహూ తెగవాళ్ల పాత రాతి ఇళ్లుంటాయక్కడ. వాటిని ‘బైత్ అల్ ఖుఫ్ల్’ అంటారు, తాళమేసే ఇల్లన్నమాట. చలికాలపు వానలకు పండిన గింజల్ని పెద్ద కాగుల్లో నింపి, తలుపు బిగించి, ఎండాకాలం ఖర్జూరం కోతలకు ఇంటిల్లిపాదీ తీరానికి దిగిపోయేవారు. గోడలు బాగా మందం. లోపలి నేల బయటికంటే లోతు. గుమ్మంలోంచి వంగి దూరాల్సిందే. ఆ గుమ్మం కంటే పెద్ద కాగులు లోపలికెలా వెళ్లాయని నేను బుర్ర గోక్కుంటుంటే, వాడు రాళ్లు తడిమి చూసి తేల్చేశాడు: ‘కాగు ముంగట, గోడ ఎనక.’ నిజమే, కాగులు దించాకే గోడలు లేపేవారు. ఆపైన సిమెంటు లేని గోడ ఎలా నిలుస్తుందో వాడు చెప్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. జీతాల ఊసే రాలేదు.

ఈ కొండల్లో పాడుబడ్డట్టు కనిపించే ఇళ్లకూ వారసులున్నారు. తలుపు తోసుకుని లోపలికి పోకూడదు, ఆడవాళ్ల వైపు ఫోన్ ఎత్తకూడదు. ఎవరైనా ఎదురైతే సలాం చెప్పాలి. గహ్వా (అరబ్బు కాఫీ) ఇస్తే కుడిచేత్తో అందుకోవాలి. చాలనుకున్నప్పుడు చిన్న కప్పును కాస్త ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

దిగొచ్చాక దోస్తు పెట్రోలుకు తన వాటా తీస్తే ‘వద్దులేరా, నేనున్నాగా’ అనకండి. తీసుకోండి. వచ్చే నెల ఎక్కడికో వాడినే చెప్పమనండి.