శస్త్రచికిత్స పిమ్మట మరల పెరుగు బరువు

స్థూలకాయమును తగ్గించుటకై జీర్ణకోశమునకు శస్త్రచికిత్స చేయించుకొన్న వారిలో కొందరికి, రెండు మూడేండ్లు గడచిన పిమ్మట, బరువు మరల పెరుగుట కలదు. అట్టివారు సిగ్గుపడి వైద్యుని కడకు పోవుట మానుదురు. ఇంటివారు సైతము "ఇంత వ్యయము చేసియు నోరు కట్టుకొనలేకపోతివే" అని నిందింతురు. ఈ సిగ్గువలన గాని, ఈ నిందవలన గాని మేలు లేదు. కారణము తెలిసికొనుటయే మేలు.

స్లీవ్ అను పద్ధతిలో జీర్ణకోశమున నూటికి 75 నుండి 80 పాళ్లు తొలగింతురు. బైపాస్ పద్ధతిలో పైభాగమున చిన్న సంచి నొకదానిని ఏర్పరచి, దానిని చిన్నప్రేగునకు కలుపుదురు. రెండింటియందును ఆకలి తగ్గును; కొంచెము తినగనే కడుపు నిండును. స్వీడన్ దేశమున 1987లో ఆరంభమైన పరిశీలనలో, బైపాస్ చేయించుకొన్నవారు మొదటి రెండేండ్లలో సగటున తమ పూర్వపు బరువులో నూటికి 32 పాళ్లు తగ్గిరి. పదియేండ్ల నాటికి ఆ తగ్గుదల 25 పాళ్లుగా నిలిచినది. అనగా కొంత బరువు తిరిగి వచ్చుట వింత కాదు. పోయినదంతయు తిరిగి వచ్చుటయు నియమము కాదు.

ఏల పెరుగును?

బరువు తగ్గినకొలది శరీరము వ్యయపరచు శక్తియు తగ్గును. ఆకలి క్రమముగా మరలివచ్చును. చిన్న సంచి కొంత సాగవచ్చును. గట్టి ఆహారముతో కడుపు త్వరగా నిండును గాని, తీపి తేనీరు, పండ్లరసము, ఐస్‌క్రీము, మద్యము సులభముగా దిగిపోవును. దినమంతయు పిడికెడు పిడికెడుగా తిను చిరుతిండి లెక్కకు రాదు; బరువునకు వచ్చును. స్టిరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులును బరువును పెంచవచ్చును. అట్టి మందులను తమంతట తాము మానరాదు.

చేయవలసినది

1. వారమున కొకసారి, ఒకే వేళ, బరువు చూచుకొని వ్రాసి యుంచవలెను.
2. భోజనమున పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు వంటి మాంసకృత్తులు గల పదార్థములను ముందు తినవలెను; అన్నము తరువాత.
3. మెల్లగా నమలవలెను. తినుచు నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను.
4. వారమునకు 150 నిమిషములకు తగ్గకుండ వేగముగా నడువవలెను.
5. బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను వైద్యుడు చెప్పిన మేరకు జీవితాంతము పుచ్చుకొనవలెను. బరువు పెరిగినదని భయపడి పస్తులుండరాదు.

రెండు మూడు కిలోలు పెరిగినప్పుడే వైద్యుని చూచుట ఉత్తమము. ఆహారమార్పుతో చాలనిచో మందులు కలవు. కొందరికి రెండవ శస్త్రచికిత్సయు ఉపకరించును. మధుమేహము, రక్తపుపోటు గలవారు మరింత జాగరూకులై యుండవలెను. బరువుతో పాటు అవియు మరలివచ్చుట కలదు. శస్త్రచికిత్స ఒకనాటి పని. దాని ఫలమును కాపాడుకొనుట నిత్యకృత్యము.