ఒకే కాలేజీలో రెండు ‘ఏ అండ్ పీ’లు

అమెరికాలో కొత్తగా దిగిన తెలుగు ఇంట్లో కమ్యూనిటీ కాలేజీ ప్రస్తావన రాగానే వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘దాని ర్యాంకు ఎంత?’ ఈ కాలేజీలను ఒకప్పుడు అక్కడ జూనియర్ కాలేజీలనేవారు. ఆ మాట వింటే మనకు ఇంటర్మీడియట్ గుర్తొస్తుంది, దాంతో చులకన కూడా వస్తుంది. ఇలినాయిలో జోలియెట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. ఇప్పుడు ఈ కాలేజీల పని రెండు రకాలు: ఒకటి చేతికి పని నేర్పడం, రెండోది యూనివర్సిటీకి దారి వేయడం. డాలస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో ఈ రెండు దారులకూ ‘ఏ అండ్ పీ’ అనే పొట్టిపేరు వినిపించడం తమాషా. విమానాల వాళ్లకు అది ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్, నర్సింగ్ వాళ్లకు అనాటమీ అండ్ ఫిజియాలజీ. పేరు ఒకటే అయినా గమ్యాలు వేరు. కోర్సు ఎంచుకునేటప్పుడు కాలేజీ ర్యాంకు చూడటం దండగ. కోర్సు చివర చేతికొచ్చే కాగితం ఏమిటి, దాన్ని ఒప్పుకునేది ఎవరు అన్న రెండు ప్రశ్నల నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

ముందు విమానాల సంగతి. ఫోర్ట్‌వర్త్ అలయన్స్ విమానాశ్రయం దగ్గర టారెంట్ కౌంటీ కాలేజీ విమాన మరమ్మతు కోర్సులు నడుపుతోంది. అయితే మెకానిక్ సర్టిఫికెట్ ఇచ్చేది కాలేజీ కాదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ. 18 ఏళ్లు నిండాలి, ఇంగ్లిషు చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం రావాలి. రాత పరీక్షల్లో కనీసం 70 శాతం మార్కులు వచ్చాక నోటి పరీక్ష, చేతిపని పరీక్ష ఉంటాయి. ఎఫ్ఏఏ ఆమోదించిన స్కూల్లో కోర్సు పూర్తిచేస్తే ఆ పరీక్షలకు అర్హత దొరుకుతుంది. ఇంతకుముందు అలాంటి స్కూళ్లు కనీసం 1,900 గంటలు బోధించాలన్న నిబంధన ఉండేది. 2022 సెప్టెంబరులో దాన్ని తీసేసి, గంటలకు బదులు నైపుణ్యాల ప్రమాణం పెట్టారు. అందుకే ‘కోర్సు ఎన్నాళ్లు?’ అని అడిగి ఊరుకోవద్దు. ఆ స్కూలుకు ఎఫ్ఏఏ ఆమోదం ఉందా, విద్యార్థుల్లో ఎందరు పరీక్ష గట్టెక్కుతున్నారు అన్నవి కూడా అడగాలి.

‘బీటెక్ చదివి రెంచి పట్టుకోవాలా?’ అని ఇంట్లో పెద్దలు అంటారు. ఆ పని ఎలాంటిదో దగ్గర నుంచి చూస్తే ఆ మాట నిలవదు. కంపనానికి బోల్టు వదులవకుండా, దాని తలలోని చిన్న రంధ్రం గుండా సన్నటి తీగ దూర్చి మెలిపెట్టి పక్క బోల్టుకు కడతారు. అంగుళానికి 6 నుంచి 8 మెలికలు పడాలి. తీగ లాగుడు బోల్టును బిగించే వైపే ఉండాలి. రెండోవైపు పడితే కట్టినా కట్టనట్టే. పని అయ్యాక ఏం చేశారో, ఏ తేదీన చేశారో లాగ్‌బుక్‌లో రాసి, సర్టిఫికెట్ నంబరు వేసి సంతకం చేయాలి. విమానం మళ్లీ ఎగరడానికి పనికొస్తుందని పూచీ పడే సంతకం అది. బీటెక్ పట్టా ఒక్కదానితో ఆ హక్కు రాదు. భారత డీజీసీఏ లైసెన్సు ఉన్నా అది నేరుగా ఎఫ్ఏఏ సర్టిఫికెట్‌గా మారదు. కానీ శంషాబాద్ లాంటి చోట విమానాల మరమ్మతులో పనిచేసినవారికి ఇంకో దారి ఉంది. ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రెండు విభాగాల పనీ కలిపి 30 నెలల అనుభవాన్ని కాగితాలతో రుజువు చేసి ఎఫ్ఏఏ అనుమతి పొందితే, మొత్తం కోర్సు చదవకుండానే పరీక్షలకు కూర్చోవచ్చు. కాబట్టి ఇండియా నుంచి బయల్దేరే ముందే పాత యజమాని దగ్గర వివరమైన అనుభవ పత్రాలు తీసుకోవడం మంచిది.

జీవశాస్త్రంలో చిక్కు మరోలా ఉంటుంది. టెక్సస్ కాలేజీల్లో కోర్సు నంబర్లకు ఉమ్మడి పద్ధతి ఉంది. బయాలజీ 1406 అన్నప్పుడు మొదటి 1 మొదటి సంవత్సర స్థాయిని, తర్వాతి 4 క్రెడిట్లను చెబుతాయి. 1406 సైన్సు ప్రధానంగా చదివేవారికి, 1408 ఇతరులకు. రెండింటికీ 4 క్రెడిట్లే, రెండింటిలోనూ ల్యాబ్ ఉంది. తేలిగ్గా ఉంటుందని 1408 తీసుకుని తర్వాత బయాలజీ డిగ్రీకి వెళ్దామనుకుంటే 1406 మళ్లీ కట్టాల్సి రావచ్చు. అనాటమీ–ఫిజియాలజీ 2401, 2402. కొన్ని కాలేజీల్లో 2401లో చేరాలంటే ముందు 1406 ఉండాలి. అంటే గమ్యం నర్సింగా, డెంటల్ హైజీనా, బయాలజీ డిగ్రీనా అన్నది తేలకుండా మొదటి సెమిస్టరు నంబరు తేలదు.

‘బైపీసీ చేశాం, బీఎస్సీ ఉంది, మళ్లీ కణం దగ్గర్నుంచా?’ అన్న అభ్యంతరం న్యాయమైనదే. మన మార్కుల లిస్టులను కోర్సువారీగా మదింపు చేయించి క్రెడిట్లు అడగవచ్చు, ముందు అదే చేయాలి. అయితే ఆరోగ్య కోర్సుల్లో చాలావాటికి ల్యాబ్‌తో కూడిన, ఈమధ్య చదివిన సైన్సు కోర్సులు కావాలి. పదేళ్ల కిందటి మార్కులు అక్కడ బరువు తూగకపోవచ్చు. అప్పుడు ఒక సెమిస్టరు 1406 చదవడం వెనకడుగేమీ కాదు, స్థానికంగా సంపాదించిన రుజువు. ఇంకో తేడా కూడా గమనించాలి. 1406 లాంటి చదువు క్రెడిట్లు ప్రభుత్వ యూనివర్సిటీకి బదిలీ అవుతాయి. వృత్తి కోర్సు క్రెడిట్లు చాలావరకు కావు. విమాన మెకానిక్‌కు ఆ లోటు పెద్దది కాదు, చేతిలో ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉంటుంది గనక.

అసలు గట్టి అభ్యంతరం వీసా. తాత్కాలిక ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారు పూర్తికాలం చదవవచ్చు. విద్యార్థుల కుటుంబానికి ఇచ్చే ఎఫ్-2 మీద ఉన్న భార్య లేదా భర్తకు పూర్తికాలానికి తక్కువైన చదువుకే, అదీ ప్రభుత్వ గుర్తింపున్న కాలేజీలోనే, అవకాశం. చదువుకు అనుమతి ఉన్నంత మాత్రాన జీతానికి పనిచేసే అనుమతి ఉన్నట్టు కాదు. హెచ్-4 వారిలో కొందరికి 2015 నుంచి పని అనుమతి పత్రం ఇస్తున్నారు, అందరికీ కాదు. రక్షణరంగ విమానాల పనుల్లో పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడిగే చోట్లు చాలా ఉన్నాయి. హెచ్-4 వారికి కేంద్ర ప్రభుత్వ విద్యా సహాయం కూడా రాదు. ఇవన్నీ చూస్తే, పని అనుమతి దూరంగా ఉన్నవారికి ముందు బదిలీ అయ్యే బయాలజీ క్రెడిట్లు మేలు. అనుమతి చేతిలో ఉన్నవారికో, గ్రీన్‌కార్డు వచ్చినవారికో విమానాల కోర్సు త్వరగా జీతంగా మారుతుంది.

కాబట్టి ఫీజు కట్టేముందు మూడు పనులు చేయండి. మీరు చేరదలచిన చివరి కోర్సు ప్రవేశ నిబంధనల్లో అడిగే నంబర్లను కాగితం మీద రాసుకోండి. దాన్ని కాలేజీ సలహాదారు ముందు పెట్టి జవాబు ఈమెయిల్లో తీసుకోండి. వీసా సంగతి ఇమ్మిగ్రేషన్ లాయరుతో తేల్చుకోండి. ‘ఏ అండ్ పీ’లో చేరుతున్నానని ఎవరైనా చెబితే, అభినందించే ముందు ఏ ‘ఏ అండ్ పీ’ అని అడగండి.