తీరప్రాంత దమ్ము ట్రాక్టర్లు, ట్రాలీల అడుగు భాగాలకు తుప్పు నివారణ – తిరిగి రంగు వేయు విధానం

కృష్ణా, గోదావరి డెల్టాల శివారు ఆయకట్టులో, రెండు పంటలు వరి పండే చోట, ట్రాక్టరు సంవత్సరానికి రెండు మార్లు దమ్ము బురదలోకి దిగుతుంది. మిగిలిన కాలంలో దాని వెనుక తగిలించిన ట్రాలీ ధాన్యం, ఎరువులు, చెరువు మట్టి, చేపల మేత మోస్తుంది. ఇంజను నూనె మార్పు, వడపోతల శుభ్రత గురించి శిక్షణ తరగతులలో చెప్పినంతగా అడుగు భాగాల గురించి మనం చెప్పడం లేదు. దసరా ఆయుధ పూజకు ముందు వాహనాన్ని కడిగి, తుప్పు కనిపించిన చోట ఒక పూత రంగు వేయిస్తే పని పూర్తయినట్లేనని భావించే రైతులు అనేకులు. తేమ గాలిలో, అరకొరగా ఆరిన తుప్పుపై వేసిన ఆ రంగు తరువాతి దమ్ము నాటికి పొక్కులు లేచి పొరలుగా ఊడుతుంది. అప్పుడు రంగు నాసిరకమని దుకాణదారుని నిందించడం పరిపాటి. నిజానికి లోపం చాలా వరకు రంగులో కాక, దాని అడుగున మిగిలిపోయిన ఉప్పులోను, తుప్పులోను ఉంటుంది. కనుక ఈ వ్యాసంలో రంగు ఎంపిక కంటే రంగుకు పూర్వం జరుగవలసిన పనికి ఎక్కువ చోటు కేటాయించడమైనది.

తుప్పు ఎక్కడ దాగి ఉంటుంది?

ట్రాలీలోను, జీపులోను రెండు పొడవాటి ఉక్కు ఛానెళ్లు, వాటిని కలిపే అడ్డ ఛానెళ్లు నిచ్చెన వంటి చట్రంగా ఏర్పడతాయి. మన పొలాలలో సాధారణంగా కనిపించే ట్రాక్టర్లలో ఇటువంటి విడి చట్రం ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగ్, గేరు పెట్టె, వెనుక ఇరుసు హౌసింగ్ బోల్టులతో ఒకదానికొకటి బిగిసి, అవే భారాన్ని మోస్తాయి. ఇవి మందమైన పోత భాగాలు కనుక పైన ఎర్రబారినా బలం త్వరగా తగ్గదు. ప్రమాదం పలుచని రేకులలోను, వెల్డింగ్ అతుకులలోను ఉంది. ట్రాక్టరులో మడ్‌గార్డుల లోపలి వైపు, ఫుట్‌బోర్డు కింది బ్రాకెట్లు, బ్యాటరీ తొట్టె, ముందు ఇరుసు, దమ్ము చక్రాల పట్టీలు ముఖ్యంగా చూడవలసినవి. కొన్ని ప్రాంతాలలో తొట్టి అని, ట్రక్కు అని పిలిచే ట్రాలీలో ఛానెల్ లోపలి మూలలు, అడ్డ ఛానెళ్ల అతుకులు, స్ప్రింగు బ్రాకెట్లు, ట్రాక్టరుకు తగిలించే ముందరి త్రికోణ భాగం ముందుగా దెబ్బతింటాయి. ఇవన్నీ బురద చేరి నిలిచే చోట్లే.

బురద ఎండి ఉక్కును కప్పి కాపాడుతుందన్న అభిప్రాయం పల్లెలలో వినవస్తుంది. జరిగేది ఇందుకు విరుద్ధం. తడి ఉక్కుపై ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదలి కరుగుతుంది. మరొక చోట నీటిలో కరిగిన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. బురద ముద్ద అడుగున ఆక్సిజన్ తక్కువగా, దాని చుట్టూ ఎక్కువగా అందుతుంది. ఆక్సిజన్ కొరవడిన చోటే ఆనోడుగా మారి కరిగిపోతుంది. అందువలననే బురద ఊడదీసినపుడు దాని అడుగున గుంటలు పడి కనిపిస్తాయి.

లవణాలు ఈ చర్యను మూడు విధాలుగా వేగిరపరుస్తాయి. నీటి పొర విద్యుద్వాహకతను పెంచుతాయి, ఉక్కుపై ఏర్పడే పలుచని రక్షక పొరను ఛిద్రం చేస్తాయి, గాలిలోని తేమను పీల్చి ఉపరితలాన్ని ఆరనివ్వవు. క్లోరైడు సముద్రపు గాలి నుండి, పాలచౌడు నేలల నుండి మాత్రమే రాదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడు. దాని బరువులో దాదాపు సగం క్లోరైడే. చిరిగిన సంచి నుండి జారి ట్రాలీ నేలరేకు అతుకులలో చేరిన ఎరువు వర్షాకాలమంతా అక్కడే తడిసి ఉంటుంది. ఎరువులు మోసిన రోజునే ట్రాలీని ఊడ్చి కడగాలని రైతుకు నొక్కి చెప్పవలసిన కారణం ఇదే.

రంగుకు ముందు బలపరీక్ష

తుప్పు తిన్న చట్రానికి రంగు వేయడం కంటే రంగు వేయకుండా వదలడమే కొంత నయం. కనీసం లోపం కంటికి కనిపిస్తుంది. ముందుగా చిన్న సుత్తితో ఛానెల్ పొడవునా తట్టాలి. దృఢమైన ఉక్కు ఖంగుమని మోగుతుంది, పొరలుగా తుప్పు తిన్నది మందంగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూసి, మిగిలిన మందాన్ని చెడని భాగపు మందంతో కాలిపర్ సహాయంతో పోల్చాలి. రెండు పలకలు ఒకదానిపై ఒకటి వేసి అక్కడక్కడ మాత్రమే వెల్డింగ్ చేసిన చోట్ల తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ స్థలం ఆక్రమించి, పలకలను విడదీసి ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బుపై పట్టీ పెట్టి కప్పడం మరమ్మతు కాదు.

ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే కన్ను, పిన్ను, వాటి చుట్టూ ఉన్న వెల్డింగ్ పగుళ్ల విషయంలో ఎటువంటి రాజీ తగదు. ప్రమాదమని తెలిసినా నిండు ధాన్యం బస్తాలపై కూలీలు కూర్చుని కాలువ గట్టున ప్రయాణించడం మనం చూస్తూనే ఉన్నాము. ఆ కన్ను తెగితే ట్రాలీని ఆపగలిగేది ఏదీ లేదు. కొట్టొచ్చినట్లు పలుచబడిన ప్రధాన ఛానెల్‌ను మార్చవలసిందే. వెల్డింగ్ చేసేటపుడు ట్రాక్టరు నుండి ట్రాలీని విడదీయాలి. ట్రాక్టరు పైనే వెల్డింగ్ చేయవలసి వస్తే ముందుగా బ్యాటరీ తీగలు ఊడదీయాలి. ఛానెల్ అంచు పట్టీలకు అడ్డంగా వెల్డింగ్ చేయిస్తే అక్కడి నుండే పగులు మొదలవుతుంది.

కడుగుట: ఏ నీటితో?

తుప్పు గీకడానికి ముందే కడగాలి. లేనిచో వైరు బ్రష్ ఉప్పును, నూనెను ఉపరితలమంతా రుద్ది గుంటలలోకి చేరుస్తుంది. నూనె మరకలు సబ్బు నీటితో తొలగించి, నీరు చుక్కలుగా విడిపోక పలుచని పొరగా పరుచుకొనే వరకు కడగాలి. బ్యాటరీ తొట్టెలో ఒలికిన ఆమ్లాన్ని వంట సోడా ద్రావణంతో తటస్థపరచి, తిరిగి కడగాలి.

శివారు గ్రామాలలో ఒక చిక్కు ఉంది. బోరు నీటి విద్యుద్వాహకత మీటరుకు 3 డెసీసీమెన్లు ఉంటే లీటరు నీటిలో సుమారు 1.9 గ్రాముల లవణాలు ఉన్నట్లు. అటువంటి నీటితో ఎంత కడిగినా, ఆరిన పిదప ఆ ఉప్పు ఉక్కుపై మిగులుతుంది. చివరి కడుగుకు మంచి నీరు తప్పనిసరి. రంగు వేయడానికి అనువైన వేసవిలోనే కాలువలు కట్టివేస్తారు కనుక నీటిని ముందుగానే నిల్వ చేసుకోవాలి.

ఇక్కడ భూసార పరీక్షా ప్రయోగశాల ఉపయోగపడుతుంది. 50 మిల్లీలీటర్ల స్వేదన జలంలో శుభ్రమైన దూదిని తడిపి, అరచేతి వెడల్పు ఉక్కును రుద్ది, తిరిగి అదే నీటిలో పిండి విద్యుద్వాహకత కొలవాలి. రుద్దని దూదితో చేసిన పరీక్ష విలువతో దీనిని పోల్చాలి. కొద్ది చుక్కల సిల్వర్ నైట్రేటుతో నీరు పాలవలె తెల్లబారితే క్లోరైడు ఇంకా మిగిలి ఉన్నట్లే. ఇది ప్రమాణబద్ధమైన బ్రెస్లే పట్టీ పరీక్షకు సాటి రాదు. అయినను కడుగుకు ముందు, తరువాత విలువలను రైతుల ఎదుట చూపడానికి ఇంతకంటే సులభమైన ప్రదర్శన లేదు. ఉప్పు మిగిలిన చోట రంగు వేస్తే, పూత గుండా నీటి ఆవిరి లోనికి చొరబడి ఉప్పును కరిగించి పొక్కులు లేపుతుంది.

తుప్పు తొలగింపు

గ్రామ వర్క్‌షాపులో ఇసుక తాడన యంత్రం అరుదు. చేతి పనిముట్లతో, యాంగిల్ గ్రైండరుతో ఐఎస్‌ఓ 8501-1 ప్రమాణంలోని ఎస్‌టి 3 స్థాయికి చేరడం సాధ్యమే. పొరలను ఉలితో, గీకుడు బిళ్లతో తీసి, తరువాత 80 నంబరు ఎమరీ ఫ్లాప్ డిస్కు వాడాలి. గ్రైండరుకు తగిలించే వైరు కప్పు మోసం చేస్తుంది. అది తుప్పును తీయక నునుపు చేసి మెరిపిస్తుంది. ఆ మెరుపుపై ప్రైమర్ పట్టదు. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక ధూళి మాస్కు, కంటి అద్దాలు లేకుండా ఈ పని చేయించరాదు.

గుంటలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం వాడవచ్చు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. చర్య జరపని ఆమ్లం మిగిలితే అదే మరొక లవణంగా రంగు కింద పనిచేస్తుంది కనుక తయారీదారు సూచన మేరకు కడిగి ఆరబెట్టాలి. వదులు తుప్పుపై దీనిని పూసి, గీకే శ్రమ తప్పించుకోవచ్చని ఆశించరాదు.

పూతలు

రెండు భాగాల ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ ఇటువంటి తీర ప్రాంతాలకు తగినది. జింక్ క్రోమేటు ప్రైమర్లలోని షడ్బంధ క్రోమియం క్యాన్సర్ కారకం. వాటిని సిఫారసు చేయకపోవడం మంచిది. పాత సింథటిక్ ఎనామెల్‌పై నేరుగా ఎపాక్సీ వేస్తే దాని ద్రావకం పాత పొరను ముడతలు పరుస్తుంది. కాబట్టి ఎనామెల్‌ను పూర్తిగా తీయాలి, లేదా అదే జాతి రంగుతో సరిపెట్టుకోవాలి.

పదునైన అంచుల నుండి తడి రంగు వెనుకకు లాగుకొంటుంది. అందువలన అంచులకు, వెల్డింగ్ గీతలకు, బోల్టు తలలకు ముందుగా బ్రష్‌తో ఒక పూత వేసి, పిదప మొత్తం వేయాలి. ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా, గాలిలో తేమ 85 శాతం లోపుగా ఉండాలి. తీరంలో తెల్లవారుజామున ఉక్కుపై తేమ చేరుతుంది. వేసవి మధ్యాహ్నం ఉక్కు కాలిపోతుంది. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు ఉన్న కొద్ది గంటలే తగిన సమయం. గీకిన ఉక్కుకు అదే రోజు ప్రైమర్ పడాలి.

ఎంత రంగు కావాలో విద్యార్థులు లెక్కించగలగాలి. 12 చదరపు మీటర్ల వైశాల్యానికి 60 మైక్రాన్ల ఎండు మందం కావాలి, రంగులో ఘన పరిమాణం 50 శాతం అనుకొందాం. తడి మందం 120 మైక్రాన్లు, రంగు 1.44 లీటర్లు అవసరం. వృథాకు 30 శాతం చేర్చితే ఒక పూతకు సుమారు 1.9 లీటర్లు. పది శాతం థిన్నర్ కలిపితే తడి మందం 132 మైక్రాన్లు ఉంటేనే అదే ఎండు మందం వస్తుంది. ఎక్కువ వైశాల్యానికి సరిపడాలని థిన్నర్ పోసే పెయింటరు తగ్గిస్తున్నది రైతుకు దక్కవలసిన మందాన్నే.

అడుగు భాగాలకు ఇటువంటి రెండు పూతలు చాలును. ఎండ తగిలే మడ్‌గార్డులకు మాత్రం, ఎపాక్సీ ఎండలో పొడిబారుతుంది కనుక, పైన పాలియురేథేన్ పూత అవసరం. దాని గట్టిపరచు ద్రవంలోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు హానికరం. తగిన శ్వాస రక్షణ లేని చోట స్ప్రే చేయించకూడదు. గ్రీజు నిపుళ్లు, హైడ్రాలిక్ కడ్డీలు, రబ్బరు గొట్టాలు, గేరు పెట్టె బ్రీదరు, బ్యాటరీ ఎర్త్ తీగ అతుకు టేపుతో కప్పాలి. చాసిస్ నంబరు రంగుతో పూడిపోకుండా చదవడానికి వీలుగా ఉండాలి.

మూసిన గొట్టపు ఛానెళ్లలో రంగు చేరదు. వాటి కింది రంధ్రాలను తీగతో పొడిచి తెరచి, లోపల పొడిగా ఆరిన తరువాత మైనపు రక్షక ద్రవాన్ని గొట్టంతో చిమ్మాలి. పైరంగుకు బదులుగా వాడిన ఇంజను నూనె పూసే అలవాటు మాన్పించవలసినది. అది దుమ్మును పట్టుకొంటుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దమ్ములో వరి మడి నీటిలో కలుస్తుంది. ఒకసారి నూనె ఇంకిన తుప్పుపై మరే రంగూ పట్టదు.

రంగు వేసిన తరువాత వచ్చే మొదటి దమ్ము ముగిసిన వెంటనే వాహనాన్ని కడిగి, ఎత్తి నిలిపి, అడుగున చూడాలి. రాయి తగిలి రంగు లేచిన చోట గట్టి రంగు అంచు తగిలే వరకు గీకి, అంచులను ఎమరీతో పలుచన చేసి, మిగిల్చి ఉంచిన ప్రైమర్‌తో రెండు పూతలు వేయాలి. ఇందుకోసం రెండు డబ్బాలనూ కలపకుండా, గట్టిగా మూత బిగించి నీడలో భద్రపరచాలి. కలిపిన రంగు కొద్ది గంటలలోనే గట్టిపడుతుంది.