కారు ఇంజను బెల్టు మార్చుట: ఇంటివద్ద ఒక పాఠము

మన పాఠశాలలో చదువు బాలబాలికల తల్లిదండ్రులలో సొంత కారు గలవారు పెక్కురు. సెలవులలో బంధువుల ఊళ్లకు పోవునపుడు కుటుంబమంతయు ఆ బండినే నమ్ముకొనును. అది నడిదారిలో నిలిచిపోవుటకు ఒక అరిగిన రబ్బరు బెల్టు చాలును. అందుచేత దానిని మార్చు విధమును ఇచట వివరించుచున్నాము.

కుట్టుమిషను బెల్టు వదులైనచో ఎంత త్రొక్కినను సూది కదలదు. కారునందును అంతియే. ఇంజను పుల్లీపై తిరుగు బెల్టు ఆల్టర్నేటరును, పెక్కు కార్లలో నీటి పంపును నడపును. అది జారినచో బ్యాటరీ నిండదు. తెగినచో ఇంజను వేడెక్కి చెడును. ఉదయమున కీచుమను ధ్వని, అంచుల పోగులు లేచుట, లోపలి వైపు నునుపెక్కుట అరుగుదలకు గుర్తులు. ఇటీవలి రబ్బరు బెల్టులు పగుళ్లు చూపకయే టైరువలె అరుగును; కావున గాళ్ల లోతును గూడ పరీక్షించవలెను. కీచుధ్వని మాన్పుటకు నూనె పూయరాదు.

పనికి పూర్వము బండిని సమతలమున నిలిపి, చేతిబ్రేకు వేసి, ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, తాళపుచెవి తీసివేయవలెను. బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. ఏలయన కొన్ని కార్లలో ఇంజను ఆగిన పిదపను విద్యుత్ ఫ్యాను తిరుగవచ్చును. చీరచెంగు, కండువా, గాజులు దగ్గర ఉండరాదు.

మొదట బెల్టు పోవు మార్గమును కాగితముపై గీసికొనవలెను. పాతతరహా కార్లలో ఆల్టర్నేటరు బోల్టులను వదులుచేసి, దానిని ఇంజనువైపు నెట్టినచో బెల్టు ఊడివచ్చును. స్ప్రింగు టెన్షనరు గల కార్లలో స్పానరుతో దానిని త్రిప్పి పట్టవలెను. పిదప పుల్లీలను చేతితో త్రిప్పి చూడవలెను. గరగర ధ్వనియో, ఊగుటయో, నూనె కారుటయో ఉన్నచో ముందు దానిని బాగుచేయింపవలెను. లేనిచో కొత్త బెల్టు నిలువదు.

కొత్తదాని పొడవు, వెడల్పు, గాళ్ల సంఖ్య పాతదానితో సరిపోవలెను. స్క్రూడ్రైవరుతో బలవంతముగా ఎక్కింపరాదు. ప్రతి గాడియు పుల్లీలో సరిగా కూర్చున్నదో లేదో చూడవలెను. ఆల్టర్నేటరుతో బిగించు బెల్టు నడుమ బొటనవ్రేలితో గట్టిగా నొక్కినపుడు సాధారణముగా సుమారు 1 సెంటీమీటరు వంగును. కాని కారు పుస్తకములోని కొలతయే ప్రమాణము. అతిగా బిగించినచో బేరింగులు పాడగును. బోల్టులు బిగించి, బ్యాటరీ తీగను తగిలించి, ఇంజనును కొలదిసేపు నడిపి, ఆపి, మరల పరీక్షించవలెను.

ఒక హెచ్చరిక: మూతలోపల నుండు టైమింగు బెల్టు వేరు. అది ఒక పన్ను తప్పినను ఇంజను సరిగా నడువదు; మిక్కిలి తప్పినచో పెక్కు ఇంజనులలో వాల్వులు పిస్టనులకు తగిలి విరుగును. దానిని మెకానిక్కునకే విడువవలెను.

ఈ పని చేయునపుడు పిల్లలను కొంత దూరమున నిలిపి చూపుడని మా మనవి. ఘర్షణ, బలము, బిగువు అను మాటలను వారు తరగతిలో వేరొక భాషలో చదువుచుందురు. వాని తెలుగు పేర్లను ఇంట మనము పలుకనిచో వారికి తెలుగు పండుగలకును పలకరింపులకును మాత్రమే మిగులును. చేతిలో స్పానరు ఉన్నపుడు చెప్పిన మాట వారు మరువరు.