ధర్మవరంలోని మేనల్లుడికి

హిందూపురం



పొలం మ్యుటేషన్‌కు ఆఫీసులో లెక్క అడుగుతున్నారనీ, జేబులో ఫోను పెట్టుకునిపోయి, డబ్బిచ్చి, ఆ వీడియో ఫేస్‌బుక్‌లో పెడతాననీ రాసినావు. నీ కోపం న్యాయమైనదే. ఆ పని మాత్రం వద్దు నాయనా.

2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతాన ఇచ్చి 7 రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాడికీ, ముందే ఏసీబీకి చెప్పి వాళ్లకు సాయంగా ఇచ్చినవాడికీ ఆ సెక్షన్ వర్తించదు. ఏసీబీ ట్రాప్‌కు చట్టంలో ఉన్న ఆధారం నీ సొంత స్టింగుకు లేదు. జనం మేలుకే స్టింగు చేశామన్నంత మాత్రాన కేసు కొట్టేయలేమని, ఉద్దేశం ఏమిటో విచారణలోనే తేలాలని 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ట్రాప్ అంటే నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలీన్ పొడి పూసి, మధ్యవర్తులుగా వచ్చిన ఉద్యోగుల ఎదుట ఆ డబ్బు తీసుకున్నవాడి చేతులు కడిగించడం. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే పని అయిపోయిందనుకుంటారు జనం. కోర్టు అలా అనుకోదు. కర్నూలులో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు కోసం లంచం అడిగినాడన్న సత్యనారాయణమూర్తి కేసులో ఫిర్యాదుదారు విచారణకు ముందే చనిపోయినాడు. డబ్బు దొరికినా, అడిగినట్టు రుజువు కాలేదని 2015లో సుప్రీంకోర్టు ఆ అధికారిని విడుదల చేసింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, మిగతా సాక్ష్యంతో డిమాండును రుజువు చేయవచ్చని 2022లో నీరజ్ దత్తా కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. అయినా అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావాల్సిందే.

అందుకే ఏ తేదీన, ఎవరు, ఎక్కడ, ఎంత అడిగినారో ఇప్పుడే రాసిపెట్టు. ఫోనులో అతని మాటలుంటే చెరపొద్దు, కత్తిరించొద్దు, వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. ఆ ఫోనే సాక్ష్యం. ట్రాప్ రోజున నీ అంతట నువ్వు డబ్బు తీసి ముందు పెట్టొద్దు, అతన్ని అడగనీ. అడగనివాడికి ఆశ పెట్టి పట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 1950ల్లోనే తప్పుపట్టింది. అది సబబేనని నా నమ్మకం. మనకు కావాల్సింది లంచగొండి, అమాయకుడు కాదు.

అక్కడికక్కడే పట్టుకునేందుకు 17ఏ సెక్షన్ కింద పైవాళ్ల అనుమతి అక్కర్లేదు గానీ, కోర్టులో విచారణకు ప్రభుత్వ అనుమతి కావాలి. ఏళ్లు పట్టొచ్చు. నడుమ ఊరి పెద్దలు రాజీకి వస్తారు. అప్పుడు నీ మాట మార్చకు.

బుధవారం నాకు పెనుకొండ కోర్టులో వాయిదా ఉంది. పాస్‌బుక్కు, అర్జీ రసీదు, ఆ ఫోను తీసుకుని అక్కడికి రా. అట్నుంచి అటే అనంతపురం ఏసీబీ ఆఫీసుకు పోదాం.

నీ మామ